పోయినవారి సంతృప్తి పత్రం

గంగదేవిపాలెం ఏరియా ఆసుపత్రి మేడమీద ఎనిమిది మంచాల వార్డు ఒకటుంది. గోడమీది బోర్డు మాత్రం 'ఉపశమన మరియు అంతిమ దశ సంరక్షణ విభాగము' అంటుంది గానీ, అంత పేరు పలికే ఓపిక ఉన్నవాళ్ళెవరూ అక్కడికి రారు. ఊళ్ళో అందరూ దాన్ని నొప్పుల వార్డంటారు. మందులకి నయమయ్యే దశ దాటిపోయినవాళ్ళు అక్కడ చేరతారు. నయం చెయ్యలేకపోయినా నొప్పి తగ్గించడం, పుండ్లు కడగడం, అన్నం సహించకపోతే జావ తాగించడం, ఇంట్లోవాళ్ళకి ధైర్యం చెప్పడం ఆ వార్డు పని. ఆ పనంతా చేసేది సిస్టర్ ఎస్తేరు. ఆవిడకి కోపం ఎక్కువ, ఓపిక అంతకన్నా ఎక్కువ. రెండూ ఒకే మనిషిలో ఎలా ఇముడుతాయని అడక్కండి, నర్సుల్లో ఇముడుతాయి.

ఆ ఏడు శాఖవారికి నాణ్యత పట్టుకుంది. అంతకుముందేడు పారదర్శకత పట్టుకుంది, ఆ ముందేడు మొక్కలు నాటడం పట్టుకుంది. మొక్కలు ఎండిపోయాయి, పారదర్శకత ఏమైందో ఎవరికీ కనపడలేదు, ఇప్పుడు నాణ్యత వచ్చింది. జిల్లాలో ప్రతి వార్డుకీ ఒక సంతృప్తి పత్రం పంపారు. పదిహేడు ప్రశ్నలు, ఒక్కోదానికి మూడు గళ్ళు: చాలా బాగుంది, బాగుంది, ఫర్వాలేదు. 'బాగాలేదు' అనే గడి పెట్టలేదు. అలాంటి ఆలోచన ప్రజలకి మనమే కల్పించడం దేనికని కాబోలు. చివర్న చిన్న అక్షరాల్లో నిబంధన: "సేవ పూర్తయిన మూడు దినముల లోపల లబ్ధిదారు స్వయముగా తన అభిప్రాయము తెలియజేయవలెను."

కంటి ఆపరేషన్ల వార్డులో ఇది ఇబ్బంది లేకుండా నడిచింది. కట్టు విప్పగానే కాగితం చేతిలో పెట్టేవాళ్ళు. పురుళ్ళ వార్డులోనూ నడిచింది, మగపిల్లాడు పుడితే అన్నీ చాలా బాగున్నాయి, ఆడపిల్ల పుడితే అత్తగారు ఫర్వాలేదు కింద గీత పెట్టేది. నొప్పుల వార్డులో మాత్రం సేవ పూర్తవడమంటే ఏమిటో ఎవరూ ఆలోచించలేదు.

మూడు నెలలు తిరిగేసరికి మెమో వచ్చింది. "మీ విభాగమందు తొమ్మిదిమంది లబ్ధిదారులకు సేవ పూర్తయి ఉన్నది. ఒక్కరి నుండియు సంతృప్తి పత్రము అందలేదు. మీ విభాగము శ్రేణి: అసంతృప్తికరము. పత్రములు అందు వరకు మీ మందుల ఇండెంటు నిలుపుదల చేయడమైనది."

ఎస్తేరు మెమో రెండుసార్లు చదివింది. తర్వాత మందుల బీరువా తీసి మార్ఫిన్ బిళ్ళలు లెక్కపెట్టింది. వార్డు మొత్తానికి పన్నెండు రోజులకి సరిపోతాయి. పదమూడో రోజు గురించి తలుచుకోగానే ఆవిడ చూపు మూడో నంబరు మంచం మీదకి పోయింది.

ఆ మంచం మీద కోటిలింగం ఉన్నాడు. ముప్ఫై రెండేళ్ళు బస్సు కండక్టరుగా చేశాడు. క్యాన్సరు వెన్నెముకలోకి పాకింది. ఇక్కడికి వచ్చేముందు ఎనిమిది నెలలు ఇంట్లో పడి అరిచాడు. అరుపులు భరించలేక పక్కింటివాళ్ళు ఇల్లు మారిపోయారు. భార్య నాంచారమ్మ మాత్రం ఎక్కడికి మారుతుంది, అక్కడే కూర్చుని విన్నది. వార్డులో చేరిన మూడో రోజుకి, నాలుగ్గంటలకో బిళ్ళ చొప్పున పడేసరికి, ఆయన గొంతులోంచి అరుపు పోయి హాస్యం తిరిగొచ్చింది.

"చూడు సిస్టరమ్మా," అనేవాడు, "ఎవరి స్టేజీ వచ్చినప్పుడు వాళ్ళు దిగాల్సిందే. దాని గురించి నాకు పేచీ లేదు. దిగేటప్పుడు మెడపట్టి తొయ్యకుండా ఉంటే చాలు."

"నొప్పితో పోనివ్వను బాబాయ్, నాదీ పూచీ," అని మాటిచ్చింది ఎస్తేరు. ఆవిడ మాటిస్తే తప్పే మనిషి కాదు. ఇప్పుడు ఆ మాట పన్నెండు రోజుల మందు మీద నిలబడి ఉంది.

మెమో పట్టుకుని సూపరింటెండెంటు డాక్టర్ చక్రధరం దగ్గరికి వెళ్ళింది. ఆయన మంచివాడే. ఏది అడిగినా కాదనడు, ఔననడు.

"పైనుంచి వచ్చిందమ్మా," అన్నాడు మెమో ముట్టుకోకుండానే.

"వచ్చింది సరే సార్. తొమ్మిదిమందీ చనిపోయారు కదా, ఎవరితో రాయించేది?"

"నువ్వు చెప్పింది నిజమే. కానీ పైనుంచి వచ్చింది కదా." కాసేపు ఫ్యాను వంక చూశాడు. "ఓసారి జిల్లా ఆఫీసుకి వెళ్ళి నాణ్యతాధికారి గారికి స్వయంగా విన్నవించుకో."

నాణ్యతాధికారి పేరు అనంతపద్మనాభం. గది అద్దంలా ఉంది, బల్లమీద ఒక్క కాగితం వంకరగా లేదు. ఎస్తేరుని చూడగానే లేచి నిలబడి కుర్చీ చూపించాడు. అంత మర్యాద చూసి, ఈయనతో పని అయిపోతుందనుకుంది పాపం.

"మీ లబ్ధిదారులు ఎందువల్ల స్పందించుట లేదు సిస్టర్ గారూ?" అని అడిగాడు ఎంతో మృదువుగా.

"చనిపోయారండీ."

"అది సేవ పూర్తి కావడం. అటు తరువాత?"

"అటు తరువాత ఏముంటుందండీ?"

"అటు తరువాతనే గదా సంతృప్తి పత్రం." కళ్ళజోడు సవరించుకున్నాడు. "మీరు వారికి గుర్తు చేయుచు జ్ఞాపిక పంపినారా? మొదటి జ్ఞాపిక, రెండవ జ్ఞాపిక, తుది జ్ఞాపిక. మూడింటికీ స్పందించనిచో, అప్పుడు స్పందించలేదని మనం నిర్ధారణకు రావచ్చును. అంతకుముందే ఒకరి గురించి అలా అనుకోవడం, క్షమించాలి, భావ్యం కాదు."

ఎస్తేరుకి ఒళ్ళు మండింది. కానీ మార్ఫిన్ బిళ్ళలు ఆ పెద్దమనిషి సంతకం వెనకాల ఉన్నాయి. "అలాగేనండి" అని లేచొచ్చింది. ఆ అలాగే అనడానికి ఎంత కష్టపడిందో బస్సులో పక్కన కూర్చున్నావిడకి తెలుసు, దారంతా పళ్ళు నూరుతూనే ఉందట.

జ్ఞాపికలు వెళ్ళాయి. తొమ్మిది ఇళ్ళకి మూడేసి చొప్పున. "తమరు ఇంతవరకు మీ అభిప్రాయము తెలియజేయకపోవుట శోచనీయము" అని అందులో అచ్చేసి ఉంది. ఒకింటి పెద్దాయన తండ్రి ఫోటోకి దండతో పాటు దాన్నీ తగిలించాడు. ఇంకో ఇంట్లో, పోయినవాడు బతికుండగా కూడా ఏ ఉత్తరానికీ జవాబు రాసేవాడు కాదని చెప్పి పంపారు. మూడో రోజుకల్లా రత్తాలు వార్డుకి వచ్చింది. ఆవిడ భర్త, టైలరు వీరరాఘవులు, వార్డులో అందరికన్నా ఆఖర్న పోయినవాడు. అంతకుముందు రోజే పెద్దకర్మ అయింది.

"మా ఆయన పేరున ఉత్తరం వచ్చింది సిస్టరమ్మా. గవర్నమెంటు కాగితం కదాని పిండం పక్కన పెట్టాం. కాకి పిండం ముట్టింది, కాగితం ముట్టలేదు. ఇప్పుడేం చెయ్యమంటావ్?"

ఎస్తేరు కాగితం తీసుకుని ఆవిడ్ని కూర్చోబెట్టి టీ ఇప్పించింది. టీ తాగుతూ రత్తాలు కళ్ళు తుడుచుకుంది.

"అయినా ఆయన చెప్పాల్సింది చెప్పాడులే. నిన్న మార్కెట్టు వెనకాల చెన్నమ్మ చేత సోదె చెప్పించుకున్నాం. ఆవిడ నోట పలికాడు. మిషను అమ్మొద్దన్నాడు."

ఇదంతా మంచమ్మీంచి వింటున్న కోటిలింగం ఎస్తేరుని పిలిచాడు. "పోయినవాళ్ళు రాయకపోతే పోబోయేవాణ్ణి నేనున్నానుగా. ఆ కాగితం ఇటు పట్రా. ముందే రాసిచ్చేస్తే సరి." అడిగి మరీ కళ్ళజోడు పెట్టుకుని పదిహేడు గళ్ళలోనూ 'చాలా బాగుంది' కింద గీతలు పెట్టాడు. వార్డు పరిశుభ్రత దగ్గర మాత్రం ఆగి, "బాత్రూము సంగతి రాయొద్దంటావా? సర్లే, చాలా బాగుంది," అన్నాడు. ఎస్తేరుకి ఆయన్ని చూస్తే నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

రెండు రోజుల్లో ఆ పత్రం తిరిగొచ్చింది. దానికి పిన్ను చేసిన చీటీ: "సంతకము చేసిన నాటికి లబ్ధిదారు జీవించియున్నట్లు తెలియవచ్చుచున్నది. కావున ఈ పత్రము చెల్లదు."

"ఓరి వీళ్ళ నాణ్యత తగలెయ్యా! బతికుండటం కూడా తప్పేనా?" అన్నాడు కోటిలింగం, కానీ నవ్వలేదు. బీరువాలో ఎన్ని బిళ్ళలున్నాయో ఆయనా లెక్కేసుకుంటున్నాడని ఎస్తేరుకి అప్పుడు తెలిసింది. ఏడు రోజులకి ఉన్నాయి.

ఆ కోపంలోనే ఫోను తీసి అనంతపద్మనాభం గారికి కొట్టింది. మాట మర్యాద ఏమీ మిగుల్చుకోలేదు.

"బతికున్నవాళ్ళు రాస్తే చెల్లదంటారు. పోయినవాళ్ళు రాయరు. ఇంక ఏం చెయ్యమంటారు సార్, సోదె చెప్పించి రాయించమంటారా?"

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. ఉద్యోగం పోయిందనే అనుకుంది ఎస్తేరు.

"సోదె అనగా?"

"అదేనండీ, బియ్యం చేటలో పోసుకుని ఒకావిడ చనిపోయినవాళ్ళని పిలుస్తుంది. వాళ్ళు ఆవిడ నోట పలుకుతారంటారు."

"అతను, ఆమె అని పలుకుతారా, నేను అని పలుకుతారా?"

"నేను అనే."

"అయితే," అనంతపద్మనాభం గొంతులో మొట్టమొదటిసారి ఉత్సాహం వినిపించింది, "స్వయముగా తెలియజేయవలెను అనే నిబంధన నెరవేరినట్లే. సిస్టర్ గారూ, ఇది చాలా వినూత్నమైన సూచన. ఇన్నాళ్ళూ ఎందుకు దాచినారు?"

ఎస్తేరు ఫోను చెవి దగ్గర్నుంచి తీసి దాని వంక చూసింది. ఆవిడ ఆదివారం ఆదివారం చర్చికి వెళ్ళే మనిషి. ఈ సంగతి పాస్టరు గారికి తెలిస్తే ఏమంటారో అనుకుంది. అయినా ఎవరేమన్నా సరే, తనకి కావలసింది బిళ్ళలు.

నాణ్యత విషయంలో శాఖ ఎంత వేగంగా కదలగలదో అప్పుడు తెలిసింది. మర్నాడు కమిటీ కూర్చుంది. సాయంత్రానికి ఉత్తర్వు తయారైంది. 'మరణానంతర అభిప్రాయ సేకరణ సమన్వయకర్త' అని కొత్త పోస్టు, ఒప్పంద ప్రాతిపదిక మీద. అర్హతలు: ఏదైనా డిగ్రీ, కంప్యూటరు పరిజ్ఞానం, సంబంధిత రంగంలో అయిదేళ్ళ అనుభవం. దరఖాస్తు ఒక్కటే వచ్చింది, అదీ ఎస్తేరు రాసి చెన్నమ్మ చేత వేలిముద్ర వేయించింది. చెన్నమ్మకి అరవై ఏళ్ళుంటాయి, బడి గడప తొక్కలేదు. అనుభవం మాత్రం నలభై అయిదేళ్ళుంది, కాబట్టి మిగతావి సడలించారు.

ఇంటర్వ్యూలో అనంతపద్మనాభం అడిగాడు: "సగటున ఎంత శాతం మృతులు స్పందిస్తారు?"

"పిలిస్తే వస్తారు నాయనా. పిలవందే ఎవరొస్తారు?"

"రాని పక్షంలో?"

"అలిగారనుకుంటాం. మళ్ళీ పిలుస్తాం."

"అనగా జ్ఞాపిక," అని కమిటీ వంక తృప్తిగా చూశాడాయన. నియామకం ఖాయమైంది. చేట, బెత్తం, సోలెడు బియ్యం ప్రభుత్వ సామగ్రి కింద రిజిస్టరులో ఎక్కించారు.

అంతా అయ్యాక హాజరు దగ్గర ఆగింది. వేలిముద్ర యంత్రం చెన్నమ్మ వేలు గుర్తించలేదు. నలభై అయిదేళ్ళు బియ్యంలో ఆడి ఆడి గీతలన్నీ అరిగిపోయాయి. హాజరు పడందే విధుల్లోకి తీసుకోవడానికి వీల్లేదు. పోయినవాళ్ళని పలికించే మనిషికి తను ఉన్నానని నిరూపించుకోడానికి రెండు రోజులు పట్టింది. ఎస్తేరు ఆ రెండు రోజులూ బీరువా తాళం వెయ్యలేదు. ఊరికే వచ్చి చూసుకోవడం, వెళ్ళడం. ఎనిమిదిమందికీ కలిపి మూడు రోజుల మందు మిగిలింది.

ఉదయం పదిన్నరకి సూపరింటెండెంటు గదిలో అభిప్రాయ సేకరణ మొదలైంది. బల్ల వెనక అనంతపద్మనాభం, పక్కన డాక్టర్ చక్రధరం, గోడవార పోయినవాళ్ళ బంధువులు, తలుపు దగ్గర ఎస్తేరు. చెన్నమ్మ కుర్చీ వద్దని నేలమీద చాప పరిపించుకుంది. చేటలో బియ్యం పోసి, బెత్తం ఆనించి, ఊరూరి అమ్మలందరినీ పేరుపేరునా తలుచుకుంది. కాసేపటికి గొంతు మారింది.

"రత్తాలూ, వచ్చావా?"

రత్తాలు భోరుమంది. అనంతపద్మనాభం గొంతు సవరించుకున్నాడు.

"లబ్ధిదారు వీరరాఘవులు గారికి నమస్కారము. ఒకటవ ప్రశ్న. వార్డు పరిశుభ్రత? చాలా బాగుంది, బాగుంది, ఫర్వాలేదు."

"రత్తాలూ, కరణంగారి కోడలి జాకెట్టు కుట్టకుండా వదిలేశాను, ఆ గుడ్డ తిరిగిచ్చెయ్యి. చెప్పులు లేకుండా తిరగమాకు."

"లబ్ధిదారు ప్రశ్నకు మాత్రమే సమాధానం చెప్పవలెను," అన్నాడు అనంతపద్మనాభం, కోపం లేకుండానే.

అయిదు ప్రశ్నలకీ వీరరాఘవులు ఇలాగే ఇంటి సంగతులు చెప్పాడు. అన్నిటికీ 'బాగుంది' రాసుకున్నాడు అనంతపద్మనాభం. ఆరో ప్రశ్నకి వచ్చేసరికి చాపమీద ఊగడం ఆగింది.

"నొప్పి నివారణ?"

"మొదట్లో బాగానే ఉండేది బాబూ. ఆఖరి నాలుగు రోజులూ బిళ్ళలు రాలేదు. సిస్టరమ్మ చెయ్యి పట్టుకుని కూర్చుంది. పాపం ఎంతసేపు కూర్చున్నా చెయ్యి బిళ్ళవుతుందా?"

అది నిజం. అప్పుడు లారీ ఆలస్యమైంది, స్టాకు నాలుగు రోజులు లేదు. ఆ నాలుగు రోజుల సంగతి ఎస్తేరు ఎవరికీ చెప్పుకోలేదు.

మిగిలిన ఎనిమిదిమందీ వరసగా వచ్చారు. ఒకావిడ కోడలికి దుద్దులిమ్మంది, ఒకాయన తమ్ముడితో మాట్లాడమన్నాడు. ఆరో ప్రశ్న దగ్గర మాత్రం అందరూ అదే మాటకొచ్చారు: బిళ్ళ ఉన్న రోజు మనుషులం, లేని రోజు కాదు.

అనంతపద్మనాభం కలం మూశాడు.

"తొమ్మిది పత్రాలూ అందాయి కదండీ. ఇండెంటు వదిలేస్తారా?" అంది ఎస్తేరు.

"అందినవి. కానీ వీటిలో ఫిర్యాదు ఉన్నది. ఫిర్యాదు ఉన్నప్పుడు విచారణ జరగవలెను. విచారణ తేలు వరకు సరఫరా యథాతథంగా నిలుపుదలలో ఉంచవలసి వస్తుంది."

"మందు రాలేదన్న ఫిర్యాదు మీద మందు ఆపుతారా?"

"మీరు దానిని ఆ విధంగా చూస్తున్నారు," అన్నాడాయన బాధపడుతూ. నిజంగానే బాధపడ్డాడు, చెడ్డవాడేం కాదు. "మొదట సమన్వయకర్త విశ్వసనీయత తేల్చవలెను. బీపీ యంత్రం వచ్చినప్పుడు తెలిసిన మనిషికి కట్టి చూడమా? అలాగే మనకు వివరాలు తెలిసిన ఒక మృతురాలిని పిలిపించి సరిచూద్దాం. రాయండి. పేరు మాణిక్యాంబ. వయసు డెబ్భై ఒకటి. నాకు..." ఆగాడు. "నాకు అమ్మగారు."

చెన్నమ్మ ఆయన మొహం వంక ఒక్కసారి తేరిపార చూసింది. చేటలో బియ్యం ఒకవైపుకి ఒత్తి, కళ్ళు మూసుకుంది.

"చిక్కిపోయావు నాన్నా."

"ఇది సాధారణ వ్యాఖ్య. ఎవరైనా అనవచ్చును," అన్నాడు అనంతపద్మనాభం డాక్టర్ చక్రధరంతో. కానీ వేళ్ళు చొక్కా కాలరు సర్దుకున్నాయి. "ఒకటవ ప్రశ్న. పరిశుభ్రత?"

"నువ్వే గదా దుప్పట్లు మార్చావు. బాగుంది."

"రెండవ ప్రశ్న. సిబ్బంది ప్రవర్తన?"

"ఎవరున్నారు నాన్నా, నువ్వే."

ప్రశ్నలు చదువుకుంటూ పోయాడు. చదవడం అలవాటైన గొంతు, ఆగకుండా వెళ్తోంది. ఆరోదాని దగ్గర కూడా ఆగలేదు.

"నొప్పి నివారణ? చాలా బాగుంది, బాగుంది..."

అప్పుడు ఆగాడు. మూడో గడి పేరు నోటికి రాలేదు. చెన్నమ్మ చేటలో బియ్యం దగ్గరికి తీసింది. పలికినప్పుడు ఆ గొంతులో నిష్ఠూరం కూడా లేదు.

"అది నన్ను అడుగుతావేంటి నాన్నా? పక్కనే కూర్చున్నావు గదా. నువ్వు చూళ్ళేదా?"

అనంతపద్మనాభం కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. మళ్ళీ తీసుకున్నాడు, పెట్టుకోలేదు. డాక్టర్ చక్రధరం ఏదో అనబోయి, ఇది పైనుంచి వచ్చింది కాదని గ్రహించి ఊరుకున్నాడు.

"ఇండెంటు ఫైలు," అన్నాడు అనంతపద్మనాభం. ఎస్తేరు పరిగెత్తి తెచ్చింది. ఆయన సంతకం పెట్టాడు. 'నిలుపుదల ఎత్తివేతకు కారణము' అన్న గడి ఖాళీగా వదలడానికి వీల్లేదు, ఆయన జన్మలో ఏ గడీ ఖాళీగా వదల్లేదు. అందులో రాశాడు: "మా అమ్మగారి ఆదేశానుసారము."

మర్నాడు మధ్యాహ్నానికి మూడు నెలల స్టాకు వచ్చింది. డబ్బా చూసి కోటిలింగం, "హమ్మయ్య," అన్నాడు. అంతే అన్నాడు, హాస్యమాడలేదు. ఎస్తేరు అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

చెన్నమ్మ సామాను సర్దుకుంటుంటే వెళ్ళి అడక్కుండా ఉండలేకపోయింది.

"పెద్దమ్మా, నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. నిజం చెప్పు. వాళ్ళమ్మ నొప్పితో పోయిందని నీకెలా తెలిసింది?"

"దానికి సోదె ఎందుకు తల్లీ? అమ్మ పేరు చెప్పేటప్పుడు ఆయన మొహం చూశావా నువ్వు? తల్లి సుఖంగా పోయినవాడు జిల్లా అంతా తిరిగి, మీకు నొప్పి తగ్గిందా, బాగుందా అని కాగితాలు పట్టుకుని అడుగుతాడా?" బియ్యం మూట కట్టుకుంటూ అంది చెన్నమ్మ. "ఆ బాబు నన్ను అడగలేదమ్మా. ఎప్పట్నుంచో వాళ్ళమ్మనే అడుగుతున్నాడు."

నెల తిరక్కుండా ఆడిట్ వారి అభ్యంతరం వచ్చింది: "సదరు అమ్మగారు ఏ హోదాలో ఆదేశములు జారీ చేసినదియు తెలియజేయవలెను." అనంతపద్మనాభం ఒక్క ముక్కలో జవాబిచ్చాడు: "నా పై అధికారి హోదాలో." దానితో ఆయన్ని పశుసంవర్ధక శాఖ నాణ్యతా విభాగానికి బదిలీ చేశారు. అక్కడ గేదెలకి సూది మందు వేశాక సంతృప్తి పత్రం తీసుకోవాలి. వినిపించిన కబురేమంటే, మొదటి నెల్లోనే ఆ నిబంధన కొట్టేయించాడట. గేదె మొహం చూస్తే తెలియదా అని రాశాడట. సమన్వయకర్త పోస్టు కూడా రద్దయింది. చేట, బెత్తం ప్రభుత్వ ఆస్తి కనుక జమ చెయ్యమన్నారు. చెన్నమ్మ పాతవి ఇచ్చేసి కొత్తవి కొనుక్కుంది. సంతృప్తి పత్రం మాత్రం రద్దు కాలేదు. మూడు దినముల లోపల, స్వయముగా.

కోటిలింగం ఇంకో నలభై రోజులున్నాడు. వార్డులో అందరికీ ఏ రూట్లో ఏ స్టేజీ తర్వాత ఏది వస్తుందో చెప్పేవాడు. ఒక మంగళవారం పొద్దున తొమ్మిదింటికి, కిటికీ లోంచి ఎండ మంచమ్మీద పడుతుండగా, నిద్రలోకి జారుకున్నట్టుగా వెళ్ళిపోయాడు. ఎస్తేరు నాడి చూసి, దుప్పటి సరిచేసి, నాంచారమ్మని పట్టుకుని ఆవిడతో పాటు తనూ ఏడ్చింది.

మూడో రోజున నాంచారమ్మే వార్డుకి వచ్చింది. "ఏదో కాగితం రాయాలిటగా, ఆయన లేడు కాబట్టి నేనొచ్చా," అంది. ఎస్తేరు వద్దంది. చెల్లదని కూడా చెప్పింది.

"చెల్లకపోతే మానె. ఆయన తరఫున చెప్పాల్సింది ఉంది నాకు. నువ్వు రాయి."

ఎస్తేరు పత్రం తీసి మొదటి ప్రశ్న చదవబోయింది. నాంచారమ్మ చెయ్యడ్డం పెట్టి ఆపింది.

"ఆ ప్రశ్నలన్నీ నాకెందుకు తల్లీ. నేను చెప్పేది రాయి. మంగళవారం పొద్దున ఏడింటికి ఆయన నన్ను నాంచారీ అని పిలిచాడు. కాఫీ అడిగాడు. రెండు గుక్కలు తాగి, పంచదార ఎక్కువైందని విసుక్కున్నాడు. ఇంటి దగ్గర ఎనిమిది నెలలు ఆ నోట్లోంచి అరుపులు తప్ప నా పేరు వినలేదమ్మా నేను. రాశావా?"

"రాస్తున్నా పిన్నీ."

అది ఏ ప్రశ్న కిందికీ రాలేదు. పదిహేడు గళ్ళ మీదుగానూ అడ్డంగా రాసింది.